ముసురులో వడ్లు ఆరబెట్టుకోవడం: ఏడు మూటలకు సరిపడే తడికల డ్రయ్యరు



పోయిన వీడియోలో తడిక చుట్టి ఫ్యాను బిగించడం చూపించాను కదా. చూసి ఫోన్ చేసినవాళ్ళలో చాలామంది ఒకటే మాట అన్నారు: "అన్నా, కొలతలు వేగంగా చెప్పేసినావు, రాసుకునేలోపల పోయినాయి" అని. అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. కొలతలతో పాటు అసలు గింజ ఎట్లా ఆరుతుంది, ఎక్కడ ఆపాలి అనేది కూడా రాస్తాను. అది తెలియకపోతే డ్రయ్యరు ఉన్నా ఉపయోగం లేదు.

మాది గాండ్లపెంట మండలం. అప్పట్లో అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఇది శెనక్కాయల సీమ. చెరువు నిండిన ఏడు, బోరులో నీళ్ళు ఉన్నంత మేరకు వరి పెడతాం. నాది ముప్పావు ఎకరా కయ్య. అందులో అర ఎకరా మైసూరు మల్లిగ, మిగతాది నవార. రెండూ దేశీ విత్తనాలే. ఇంటికి తినడానికి కొన్ని, తెలిసినవాళ్ళకు బియ్యంగా అమ్మడానికి కొన్ని, విత్తనానికి కొన్ని.

2021 నవంబరు వానలు మా కదిరి వైపు ఎవరూ మరిచిపోలేరు. పక్కన కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఆ వారంలోనే. నా వడ్లు కోసి, కళ్ళంలో కుప్ప పోసిన రెండో రోజు ముసురు పట్టుకుంది. పట్ట కప్పాను. చుట్టూ రాళ్ళు పెట్టాను. ఒక్క చుక్క లోపలికి పోలేదు, అది నిజం. నాలుగో రోజు వాన కొంచెం తెరిపి ఇస్తే పట్ట ఎత్తి కుప్పలోకి చేయి పెట్టాను. లోపల చేయి కాలింది. తీసి చూస్తే అడుగున వడ్లు మొలకలొచ్చి ఒకదానికొకటి అల్లుకుపోయి ఉన్నాయి. పైన ఉన్నవి మొలకెత్తలేదు గానీ ముక్కు వాసన. మా అవ్వ గుప్పెడు తీసి వాసన చూసి, "ఇవి ఇంక గొడ్లకే నాయనా" అనింది.

తిండి వడ్లు పోతే కొనుక్కుని తింటాం. నాకు పోయింది విత్తనం. ఆరేళ్ళుగా ఏటా వెన్నులు ఏరి ఏరి మా నేలకు అలవాటు చేసుకున్న మైసూరు మల్లిగ అది. ఆ విత్తనం ఏ అంగట్లోనూ దొరకదు. రెండేళ్ళ ముందు నా దగ్గర అయిదు కిలోలు తీసుకున్న ఒకాయన దగ్గరికి పోయి, మూడు కిలోలు అడిగి తెచ్చుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన ఇవ్వకపోయి ఉంటే అంతే.

పట్ట కప్పితే వడ్లు ఎందుకు చెడ్డాయి? వాన నీళ్ళు పోలేదు కదా అని నేను చాలా రోజులు ఆలోచించాను. కోసిన గింజ చచ్చిపోయిన వస్తువు కాదు, ఊపిరి తీస్తుంటుంది. కోత రోజు మన వడ్లలో 20 నుంచి 25 శాతం తేమ ఉంటుంది. ముసురులో కోస్తే ఇంకా ఎక్కువ. అంత తేమలో గింజ గట్టిగా ఊపిరి తీస్తుంది, వేడి పుడుతుంది, చెమట పడుతుంది. ఆ చెమటకు బూజు లేస్తుంది. బూజు కూడా ఊపిరి తీస్తుంది, ఇంకా వేడి పుడుతుంది. పట్ట కప్పితే ఆ వేడీ చెమటా బయటికి పోయే దారి లేదు. నేను వాన నుంచి కాపాడాననుకుని నా చేతులతోనే ఉడకపెట్టాను. పచ్చి వడ్లను ఒక రోజుకు మించి కుప్పగా ఉంచకూడదు. ఎండ లేకపోయినా సరే, గాలి తగలాలి.

ఈ గాలి సంగతే మనం పట్టించుకోం. ఎండలో వడ్లు ఆరడం చూసి, ఎండే ఆరబెడుతోందని అనుకుంటాం. తడి గుడ్డ ఎండలో ముద్దగా పడేస్తే ఆరుతుందా? నీడలోనైనా గాలికి దండెం మీద వేస్తే ఆరిపోతుంది. గింజలోని నీళ్ళను మోసుకుపోయేది గాలి. ఆ గాలి పొడిగా ఉంటే ఎక్కువ మోస్తుంది, తేమగా ఉంటే తక్కువ. ఎండ ఆ గాలిని పొడిగా చేస్తుంది. మా పక్క మండలం నంబులపూలకుంటలో వేల ఎకరాల్లో సోలార్ పలకలు పరిచి ఎండను పట్టి కరెంటు చేస్తున్నారు. మనం నవంబరులో ఆ ఎండ కోసమే ఆకాశం చూస్తూ కూర్చుంటాం.

గాలికి ఒక లెక్క ఉంది, అది తెలిస్తే సగం పని అయినట్టే. ముసురు రోజున 25 డిగ్రీల చలి గాలిలో తేమ 90 శాతం ఉందనుకోండి. ఆ గాలిని ఎంతసేపు ఊదినా వడ్లు 17, 18 శాతం దగ్గర ఆగిపోతాయి, కిందికి దిగవు. అదే గాలిని ఒక్క 6 డిగ్రీలు వెచ్చబరిస్తే, నీటి ఆవిరి అంతే ఉన్నా, గాలి తేమ 63, 64 శాతానికి పడిపోతుంది. ఆ గాలి వడ్లను 13 దాకా దించగలదు. అంటే వడ్లను వేయించాల్సిన పని లేదు. గోరువెచ్చని గాలి చాలు, ఆగకుండా రావాలి అంతే.

ఈ లెక్క మీదనే వియత్నాంలో ఒక డ్రయ్యరు చేశారు. హో చి మిన్ సిటీలోని నాంగ్ లామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1990లలో తయారుచేసింది. పేరు ఎస్‌ఆర్‌ఆర్. వాళ్ళ భాషలో 'సే రత్ రె', అంటే చాలా చవకగా ఆరబెట్టేది అని. పేరే అట్లా పెట్టుకున్నారు! వెదురు తడికతో ఒక పెద్ద గుండ్రం, దాని నడుమ ఇంకో చిన్న గుండ్రం, రెండింటి మధ్యలో వడ్లు. నడిమి గొట్టంలోకి పైనుంచి ఫ్యాను గాలి కొడుతుంది. ఆ గాలి వడ్ల గుండా పక్కలకు బయటికి వస్తుంది. టన్ను వడ్లు పడతాయి. ఆ బొమ్మ చూడగానే నాకు మా తాత కాలం నాటి గాదె గుర్తొచ్చింది. గాదె నడుమ ఒక గొట్టం పెట్టినట్టే ఉంది. మనకు టన్ను అక్కర్లేదు కాబట్టి చిన్నది చేసుకున్నాను.

చేయకముందు ఒక తెలివితక్కువ పని కూడా చేశాను, అదీ చెబుతాను. 2022లో వడ్లు కుప్ప పోసి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి రాత్రంతా తిప్పాను. మా పక్కింటాయన చూసి, "ఏం అన్నా, వడ్లకు ఫ్యాను తిప్పుతుండావే, ఉక్క పోస్తుందంటనా?" అని నవ్వినాడు. ఆయన నవ్వడం న్యాయమే. కుప్ప పైన అంగుళం ఆరింది, లోపల అట్లే ఉంది. టేబుల్ ఫ్యానుకు, సీలింగ్ ఫ్యానుకు గాలిని తోసే బలం ఉండదు. ఎదురు తగిలితే గాలి వెనక్కి తిరుగుతుంది. వడ్ల గుండా గాలి పోవాలంటే చుట్టూ రేకు చుట్టు ఉన్న గట్టి ఎగ్జాస్ట్ ఫ్యాను కావాలి. నేను వాడేది 12 అంగుళాల ఇనుప రెక్కలది, నిమిషానికి 1400 చుట్లు తిరిగేది. కొనేటప్పుడు ఇళ్ళ వంటగదుల్లో పెట్టే ప్లాస్టిక్ ఫ్యాను ఇస్తారు, తీసుకోవద్దు. 1400 చుట్లు అని రేకు మీద రాసి ఉందో లేదో చూసుకోండి.

ఇప్పుడు కొలతలు.

బయటి తడిక ఎత్తు మూడున్నర అడుగులు, పొడవు పదమూడున్నర అడుగులు. గుండ్రంగా చుట్టి అడుగు మేర ఒకదానిపై ఒకటి ఎక్కిస్తే లోపల అడ్డంగా నాలుగు అడుగులు వస్తుంది. వడ్లు సందుల్లోంచి జారకుండా తడిక లోపలి వైపు పాత షేడ్ నెట్ చుట్టండి. నడిమి గొట్టానికి గట్టి ఇనుప మెష్, నాలుగున్నర అడుగుల పొడవు ముక్క. అది చుట్టితే 16 అంగుళాల వెడల్పు గొట్టం అవుతుంది. దీనికి కూడా బయటివైపు నెట్. గొట్టం కింది భాగం పట్ట మీద ఆనుకుని ఉండాలి, గాలి కిందినుంచి పోకూడదు. పైన ప్లైవుడ్ చక్కకు రంధ్రం చేసి ఫ్యాను బోర్లా బిగించాలి, గాలి కిందికి కొట్టేటట్టు. చక్కకూ గొట్టానికీ మధ్య సందు లేకుండా పాత సైకిల్ ట్యూబు కట్టాను.

ఇందులో చాలామంది తప్పు చేసే చోటు ఒకటి ఉంది. ఆరేకొద్దీ వడ్లు నాలుగైదు అంగుళాలు కిందికి దిగుతాయి. అప్పుడు గొట్టం పైభాగం బయటపడుతుంది. గాలికి వడ్లలో పోవడం కష్టం, ఖాళీగా పోవడం సుఖం. మొత్తం గాలి అక్కడినుంచే పోతుంది, మనం ఫ్యాను తిరుగుతోందని సంతోషపడుతుంటాం. అందుకని గొట్టం పైనుంచి ఒక జానెడు మేర ప్లాస్టిక్ కాగితం చుట్టేయండి. వడ్ల మీద కూడా ఒక పట్ట ముక్క పరవండి, గాలి పక్కలకే పోవాలి.

దీంట్లో 75 కిలోల లెక్కన ఏడు మూటలు పడతాయి, అంటే 525 కిలోలు. అవి 22 శాతం తేమతో ఉంటే, 14.5 శాతానికి దించడానికి ఎన్ని నీళ్ళు పోవాలో తెలుసా? 46 లీటర్లు. మూడు బిందెల నీళ్ళు. బయటికి పొడిగా కనిపించే వడ్లలో మూడు బిందెల నీళ్ళు దాక్కుని ఉంటాయి. అవి ఒక పూటలో పోవు. గోరువెచ్చని గాలితో నాకు ఒకటిన్నర రోజు నుంచి రెండు రోజులు పడుతోంది.

వెచ్చదనానికి కుంపటి. వాన లేక గాలి పొడిగా ఉన్న పగటి పూట కుంపటి అక్కర్లేదు, ఫ్యాను ఒక్కటే చాలు. రాత్రిళ్ళు, ముసురు రోజుల్లో మాత్రం బొగ్గుల కుంపటిని ఫ్యాను పీల్చే వైపు, అడుగున్నర దూరంలో పెడతాను. మంట ఉండకూడదు, నిప్పు కణకణలాడుతుంటే చాలు. శెనక్కాయ పొట్టు మన దగ్గర ఊరకే దొరుకుతుంది కదా అని ఒకసారి వేశాను. పొగ వాసన బియ్యానికి పట్టింది, నిప్పురవ్వలు కూడా లేచాయి. వద్దు. కుంపటి మీద చిల్లుల రేకు మూత పెట్టండి. ఇదంతా వసారాలోనే, నాలుగు వైపులా గాలి ఆడేచోటే. తలుపులు మూసిన గదిలో బొగ్గు పెట్టి ఎవరూ పడుకోవద్దు, ప్రాణం పోతుంది. ఫ్యాను మూతి దగ్గర ఒక ఉష్ణమాపకం వేలాడదీయండి. బయటి గాలికంటే ఆరేడు డిగ్రీలు ఎక్కువ ఉంటే సరి. విత్తనం వడ్లకు ఎట్టి పరిస్థితుల్లో 43 డిగ్రీలు దాటకూడదు, దాటితే గింజ మొలవదు.

ఇంత తక్కువ వేడితో ఒక మేలుంది. లోపలి వడ్లు ముందు ఆరతాయి, బయట తడిక దగ్గరివి చివర ఆరతాయి. వేడి గాలి అయితే లోపలివి ఎండి చిట్లిపోతాయి. గోరువెచ్చని గాలి వాటిని 13 దగ్గర ఆపేస్తుంది, అంతకంటే దించలేదు. కాబట్టి నడుమ తిరగేయాల్సిన పని లేదు. తడిక దగ్గరి వడ్లు 15కు వచ్చాక దించి, అన్నీ కలిపి, ఎండ వచ్చినప్పుడు ఒక పూట చూపిస్తే సమంగా సర్దుకుంటాయి.

చిట్లడం అన్నాను కదా. మిల్లులో నూకలు ఎక్కువ వస్తే మనం మిల్లు ఆయన్ను తిడతాం. చాలాసార్లు నూక కళ్ళంలోనే తయారై ఉంటుంది. పగలు ఎండిన వడ్లను రాత్రి మంచులో వదిలేస్తే గింజ పైపొర తేమ తాగి ఉబ్బుతుంది, లోపల గట్టిగా ఉంటుంది, సన్నని బీట పడుతుంది. ఎండిన వడ్లలో పచ్చి వడ్లు కలిపినా అదే జరుగుతుంది. నిన్నటి కుప్ప మీద ఈరోజు కోసినవి పోసే అలవాటు మనలో చాలామందికి ఉంది, మానుకోవాలి. మీరే చూడండి: వంద గింజలు పొట్టు వలిచి ఫోను లైటు మీద పరచండి. బీట ఉన్న గింజలో అడ్డంగా వెంట్రుకలాంటి గీత కనిపిస్తుంది. ఆ లెక్కే మీ నూక లెక్క ఎక్కడినుంచి వస్తుందో చెబుతుంది.

ఎండ ఉన్నప్పుడు ఎండలోనే ఆరబెట్టండి, దాన్ని మించిన చవక లేదు. రెండు వేళ్ళ మందం పరిచి, అరగంటకోసారి కాలితో గాళ్ళు తీయండి. మిట్టమధ్యాహ్నం గచ్చు మీద అరికాలు నిలవలేకపోతే వడ్లకు కూడా అది ఎక్కువే, గంటా రెండు గంటలు దగ్గరికి చేసి కప్పండి. పొద్దుగూకక ముందే ఎత్తేయండి. తారు రోడ్డు మీద మాత్రం వద్దంటాను. టైర్ల కింద వడ్లు పగిలేది ఒకటి, రాత్రిళ్ళు అడ్డం పెట్టిన రాళ్ళకు బండ్లు తగిలి మనుషులు పడేది ఇంకొకటి.

ఇక ఆపేది ఎక్కడ? ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం దాకా తీసుకుంటారు. బియ్యానికి నిల్వ పెట్టాలంటే 14. విత్తనానికి 13 దాటకూడదు, నేను 12 దాకా దించుతాను. మా అవ్వ పంటి కింద పెట్టి కొరికి చూస్తుంది. మెత్తగా నలిగితే పచ్చి, 'కటుక్'మంటే ఎండింది అంటుంది. అవ్వ పన్ను తప్పదు గానీ, అది 16కూ 13కూ తేడా చెప్పలేదు. మనం పోగొట్టుకునేదంతా ఆ మధ్యలోనే ఉంది. తేమ మీటరు వేలల్లో ఉంటుంది. రైతు సేవా కేంద్రంలో ఉంటే ఒకసారి అక్కడ చూపించుకోండి. ఆ ఒక్క అంకె ఉంటే మిగతాది తక్కెడతో చేసేయొచ్చు.

ఎట్లాగంటే, మీటరులో 22 వచ్చిందనుకోండి. అవే వడ్లు సరిగ్గా ఒక కిలో తూచి, వలసంచిలో కట్టి, తడిక పక్కన వడ్లలోనే పూడ్చండి. 100లోంచి 22 తీస్తే 78. 100లోంచి మనకు కావలసిన 14 తీస్తే 86. 78ని 86తో భాగిస్తే 0.907. అంటే ఆ సంచి 907 గ్రాములు తూగిన రోజు మీ వడ్లు 14కు వచ్చినట్టు. వంటింటి డిజిటల్ తక్కెడ చాలు. మా పాప ఎనిమిదో తరగతి, ఈ లెక్కంతా ఇప్పుడు తనే చూస్తుంది.

మీటరు అసలు దొరకనివాళ్ళకు ఉప్పు ఉంది. ఉప్పును పెనం మీద వేడిచేసి బాగా పొడి చేసుకోండి. ఆరిన గాజు సీసాలో రెండు మూడు చెంచాల ఉప్పు, సగం దాకా వడ్లు వేసి మూత పెట్టి నిమిషం పాటు ఊపండి. కొంచెంసేపు ఆగి చూడండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 దాటి ఉంది. అంటుకోకుండా కిందికి రాలితే 15 లోపల ఉంది. ఇంకొంచెం నమ్మకంగా కావాలంటే మూడు నాలుగు వందలకు దొరికే చిన్న హైగ్రోమీటరు కొనండి. గాలి తేమ చూపించేది. మందపాటి ప్లాస్టిక్ కవరు నిండా వడ్లు పోసి, దాన్ని లోపల పెట్టి మూతి కట్టి, నీడలో మూడు నాలుగు గంటలు ఉంచండి. అంకె 75 దగ్గర ఉంటే వడ్లు 14 ప్రాంతంలో ఉన్నట్టు. 65 లోపు ఉంటే బూజు లేవదు, విత్తనానికి అదే కావాలి. 80 దాటితే మళ్ళీ తడికలోకి.

ఇంత ఎందుకు పట్టుబట్టాలంటే, మన దగ్గర వేరే దారి లేదు. రసాయనాలు వాడే రైతు గోదాములో మందు బిళ్ళలు పెట్టి పురుగును చంపుకుంటాడు. మనం పెట్టం. వేపాకు, బూడిద పెడతాం, మంచివే. కానీ 16 శాతం తేమలో ఉన్న వడ్లను వేపాకు కాపాడలేదు, నేను చూశాను. విత్తనం విషయంలో హారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త చెప్పిన లెక్క ఒకటుంది: తేమ ఒక్క శాతం తగ్గితే విత్తనం బతికే కాలం ఇంచుమించు రెట్టింపవుతుంది. 14లో ఉన్నదానికీ 12లో ఉన్నదానికీ నాలుగు రెట్లు తేడా అన్నమాట. 12కు దించి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డ్రమ్ములో అంచుల దాకా నింపండి. గోనెసంచిలో పెడితే తర్వాతి వానాకాలానికి గాలిలోని తేమ మళ్ళీ తాగేస్తుంది, పడ్డ కష్టమంతా పోతుంది.

ఇది అందరికీ అవసరమా అంటే కాదు. కోత మిషను దిగగానే కయ్య దగ్గరే వ్యాపారికి తూకం వేసేవాళ్ళకు దీంతో పని లేదు. పది ఎకరాలవాళ్ళకు ఇది చాలదు. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ వాళ్ళు జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయంతో, గ్రెయిన్‌ప్రో కంపెనీతో కలిసి సోలార్ బబుల్ డ్రయ్యరు అని చేశారు. పొడవాటి ప్లాస్టిక్ సొరంగం, సోలార్ పలకతో తిరిగే ఫ్యాన్లు. బాగుంటుంది, వాన పడ్డా తడవదు. ఒక్క రైతు కొనేది కాదు, సంఘంగా అయితే ఆలోచించొచ్చు. తడికల డ్రయ్యరు ఎకరా, ఎకరన్నర దేశీ వరి పెట్టి, సొంతంగా బియ్యం చేసుకుని, విత్తనం దాచుకునేవాళ్ళకు. ఎక్కువ వడ్లుంటే ఒకేసారి కోయకుండా, రెండు రోజులకు ఏడు మూటల లెక్కన చేతికోత కోసుకుంటూ వస్తే సరిపోతుంది.

ఖర్చు అడుగుతున్నారు. నాకు పెద్ద ఖర్చు ఫ్యానే. తడిక పాత పశువుల కొట్టానిది, మెష్ కోళ్ళ గూడుది. కరెంటు ఒక విడతకు ఎనిమిది, పది యూనిట్లు, ఇంటి మీటరు మీదనే. బొగ్గు అయిదారు కిలోలు. పని అయిపోయాక తడిక చుట్టి అటక మీద పడేస్తాను, ఏడాదికి పదిహేను రోజులకంటే దాని అవసరం ఉండదు.

ఒక్క ఇబ్బంది మిగిలి ఉంది. తుఫాను వచ్చినప్పుడే ఫ్యాను కావాలి, తుఫాను వచ్చినప్పుడే కరెంటు పోతుంది. పోయిన కార్తీకంలో పదకొండు గంటలు కరెంటు లేకపోతే తడిక విప్పేసి, వడ్లన్నీ ఇంట్లో, వసారాలో, చివరికి మంచాల మీద కూడా పరిచి ఇంటిల్లిపాదీ రాత్రంతా చేతులతో తిరగేశాం. కుప్పగా మాత్రం ఉంచలేదు. ఈసారి పాత కారు రేడియేటర్ ఫ్యాను ఒకటి తెచ్చాను, 12 వోల్టుల బ్యాటరీ మీద తిరిగేది. గాలి బాగానే తోస్తోంది, బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుందో చూడాలి. నవార కోతకు ఇంకా ఇరవై రోజులుంది. ఆ వడ్లు పోసి తిప్పి చూసి, ఎట్లా వచ్చిందో ఆ వీడియో పెడతాను.